గోడ మీద జెర్రి

భోజనాల గదిలో గోడ మీద జెర్రి కనిపిస్తుంది. భోజనానికొచ్చిన పొరుగు తోట ఆసామి ఫ్రాంక్ లేచి, బల్ల మీది నాప్‌కిన్ ఉండచుట్టి దాన్ని నలిపేస్తాడు. గోడకు మరక మిగులుతుంది. 1957లో వచ్చిన 'లా జలూజీ' నవలలో ఈ ముచ్చట ఒకసారితో పోదు. మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చేకొద్దీ జెర్రి పెద్దదవుతుంది.

చూస్తున్నది ఇంటి యజమాని. ఫ్రాంక్‌తో తన భార్యకు ఏదో ఉందని అనుమానం. ఆ మాట పైకి అనడు. అసలు నవల మొత్తంలో 'నేను' అన్న మాటే అతని నోట రాదు! వరండాలో కుర్చీలు, బల్ల మీద పళ్లేలు లెక్కపెట్టుకుంటే తప్ప అక్కడింకో మనిషి ఉన్నాడని పాఠకుడికి తెలియదు. పనిలో పనిగా తోటలో ఏ వరసకెన్ని అరటిచెట్లో కూడా ఏకరువు పెడతాడు.

అరటి లెక్కలు ఊరికే రాలేదు. ఫ్రెంచ్ రచయిత అలెన్ రాబ్ గ్రియె (1922–2008) చదివింది వ్యవసాయశాస్త్రం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్లు నిర్బంధంగా న్యూరెంబర్గ్ ఫ్యాక్టరీకి తోలితే లేత్ పని చేశాడు. తర్వాత మార్టినిక్, గ్వాడెలూప్ దీవుల్లో అరటి తెగుళ్ల మీద పరిశోధన. తొలి నవలను గాలిమార్ సంస్థ వెనక్కి పంపింది. 1953లో మిన్యుయి సంస్థ వేసిన మరో నవల 'లే గోమ్'లో హత్యకేసు తేల్చడానికొచ్చిన డిటెక్టివే, చనిపోయాడనుకున్న మనిషిని చివరికి కాల్చేస్తాడు. బాల్జాక్ కాలం నాటి కథాకథనం ఇంకా ఎన్నాళ్లని 1963లో పుస్తకంగా వచ్చిన వ్యాసాల్లో నిలదీశాడు. రాతలో తడి లేదన్నారు గిట్టనివాళ్లు. జెర్రి పేజీలు చదివితే ఆ మాట నిలవదు.

సినిమాలోనూ అదే పట్టు. ఆయన రాయగా అలెన్ రెనె తీసిన 'లాస్ట్ ఇయర్ ఎట్ మారియన్‌బాద్' 1961లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. నిరుడు మనం కలిశామంటాడు అతను, గుర్తు లేదంటుంది ఆమె. తోటలో నిలుచున్న మనుషులకు పొడవాటి నీడలుంటాయి, చెట్లకుండవు. మనుషుల నీడల్ని నేల మీద రంగుతో వేశారు మరి.

ఇస్తాంబుల్‌లో తీసిన 'లిమ్మొర్తెల్' (1963)తో తనే దర్శకుడయ్యాడు. 1967లో విడుదలైన 'ట్రాన్స్-యూరోప్-ఎక్స్‌ప్రెస్' మాత్రం భలే సరదా సినిమా. రైల్లో కూర్చుని కథ అల్లే దర్శకుడి వేషం తనదే, కథలోని స్మగ్లర్ వేషం నటుడు ట్రాంతిన్యాన్‌ది. తర్వాతి చిత్రాల్లో స్త్రీదేహాన్ని హింసించే ఊహలే పదేపదే దొర్లాయి. అక్కడ ప్రయోగం కన్నా అలవాటే ఎక్కువ.

2004లో ఫ్రెంచ్ అకాడమీ ఆయన్ని ఎన్నుకుంది. అక్కడి ఆనవాయితీ ప్రకారం ఆకుపచ్చ కోటు తొడుక్కోవాలి, స్వీకార ప్రసంగాన్ని ముందే రాసిచ్చి చూపించాలి. రెండూ కుదరవన్నాడు. దాంతో చివరిదాకా ఆయనకు లాంఛనంగా స్వాగతసభే జరగలేదు.