అటక మీది గేలపు రీలు



పోయిన సంక్రాంతికి ఆలమూరులో మా అత్తవారింటి అటక దులుపుతూంటే, చిల్లు పడిన గంగాళంలో అరచేతిలో పట్టేంత ఇత్తడి చక్రం ఒకటి దొరికింది. ఓ పక్క తిప్పే పిడి, అడుగున కర్రకి బిగించే పాదం. "దారం చుట్టుకునేదే అమ్మాయ్! మీ ఆయన చిన్నప్పుడు గాలిపటాలకి వాడేవాడు" అన్నారు మా అత్తగారు. ఇంతలో పాత సామాన్లకి స్టీలు గిన్నెలిచ్చే అతను వీధిలో కేకేశాడు. గంగాళంతో పాటు దీన్నీ తూకంలో వేసి, టిఫిన్ క్యారియరు ఇస్తానన్నాడు. మావగారు చూసి "అది గేలపు రీలమ్మా, ఉంచండి" అనబట్టి ఆగింది గానీ, లేకపోతే కరిగిపోయేదే!

మన గోదావరి పాయల్లో గేలం వేసేవాళ్ళకి వెదురు కర్రా, దారమూ, కొక్కెమూ ఉంటే చాలు. రీలు మనకి దొరలతో వచ్చింది. పెద్ద చేప లాగినప్పుడు చక్రం తిరిగి దారం వదులుతుంది, లోపలి పళ్ళచక్రం టకటకమంటూ దాన్ని కాస్త ఆపుతుంది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్. ఎస్. థామస్ అనే ఆయన మన దేశంలో గేలం వేటమీద 1873లోనే ఇంగ్లీషులో పెద్ద పుస్తకం రాశాడు.

ఇంతకీ గుర్తుపట్టడం ఎలా? ముందు వెనక పలక మీద పేరు చూడండి. 1872లో ఇంగ్లండులోని ఆనిక్‌లో మొదలైన హార్డీ కంపెనీ పేరు గానీ, గేలపు కర్ర పట్టుకున్న చెయ్యి బొమ్మ గానీ ఉంటే జాగ్రత్త పడండి. వాళ్ళు 1891లో తెచ్చిన 'పర్‌ఫెక్ట్' రీళ్ళలో తొలినాటి ఇత్తడివాటి కోసం సేకరించేవాళ్ళు పోటీ పడతారు. పేరు లేని ఇత్తడి రీళ్ళు కోకొల్లలు. పాతదైనంత మాత్రాన విలువ ఉండదు సుమండీ.

తరవాత మరలు చూడండి. తలమీద ఒకటే గాడి ఉండాలి. ప్లస్ గుర్తు గాడి మరలు 1930ల తరవాతివి. అవి ఉన్నాయంటే రీలు కొత్తదో, మరలు మార్చారో అన్నమాట. పాదాన్ని ఆకురాయితో అరగదీశారా, పిడి అసలుదేనా, తోలు పెట్టె ఉందా, ఇవన్నీ ధరని ఎక్కిస్తాయి, దింపుతాయి. ఇప్పుడు కొత్త ఇత్తడిని మందులతో నల్లబరచి పాతదంటూ అమ్మేవాళ్ళూ ఉన్నారు. నలుపు గాడుల్లోనూ పైనా ఒకేలా ఉండి, చెయ్యి తగిలే చోట అరుగుదల లేకపోతే అనుమానించాల్సిందే.

ఇక్కడ నా తెలివితక్కువ పని చెప్పాలి. దొరికిన రోజే చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేశాను. రాజమండ్రిలో పాత వస్తువులు సేకరించే ఓ పెద్దాయన చూసి తల పట్టుకున్నారు. ఫ్యాక్టరీలో వేసిన ముదురు రంగు పూతా, కాలం తెచ్చిన ఛాయా పోతే సగం విలువ పోయినట్టేనట. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఇరుసు దగ్గర ఓ చుక్క కుట్టుమిషను నూనె వేస్తే చాలు. మరలు విప్పకండి.

ధర సంగతి. ఎవరో అడిగే ధర కాదు, అలాంటిదే వేలంలో అమ్ముడైన ధర చూడాలి. పిడి దంతమైతే మాత్రం అమ్మే ఆలోచన పెట్టుకోకండి. వన్యప్రాణి చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణలతో దంతం వ్యాపారం నిషిద్ధమైంది. అలాగే 1972 నాటి పురావస్తువుల చట్టం ఒకటుంది. నూరేళ్ళు దాటిన వస్తువు దాని కిందికి వస్తే మనంతట మనం పైదేశాలకి పంపకూడదు.

మా రీలు మాత్రం పేరూ ఊరూ లేని మామూలుదేనని తేలింది. మావగారు దాన్ని కిటికీలో పెట్టుకున్నారు. మా చిన్నవాడు ఇప్పటికే రెండుసార్లు గాలిపటానికి అడిగాడు.