ఇరుసు వంకరైతే తోక రోడ్డుకు అడ్డం!
చెరకు తోలే ముందు తొట్టి కొలత చూసుకోవాలి

అనకాపల్లి: చెరకు నరుకుడు మొదలైతే ఈ ప్రాంతంలో ట్రాక్టరు తొట్లకు తీరిక ఉండదు. పొలం నుంచి గానుగకు చెరకు, గానుగ నుంచి అనకాపల్లి మార్కెట్‌కు బెల్లం దిమ్మలు అవే మోయాలి. ఊరి వెల్డింగు షాపులో కట్టించుకున్న తొట్లూ వీటిలో ఉంటాయి. రంగు, పలకలు చూసి మురిసిపోయే యజమాని ఇరుసు సంగతి పట్టించుకోడు.

ఇరుసు ఏటవాలుగా ఉంటే ట్రాక్టరు తిన్నగా పోతున్నా తొట్టి ఓరగా నడుస్తుంది. ఎడమ చక్రం ముందుకు జరిగితే తోక కుడివైపునకు, అంటే ఎదురుగా వచ్చేవారి వైపు పోతుంది. చక్రాల మధ్య ఎడం 5 అడుగులు, తగిలింపు పిన్ను నుంచి తోకకు 15 అడుగులు ఉందనుకుందాం. చక్రాల్లో ఒకటి 2 అంగుళాలు ముందుంటే తోక అర అడుగు పక్కకు జరుగుతుంది. పక్కలకు పొడుచుకొచ్చిన చెరకు గడలు దీనికి అదనం. రాత్రివేళ ఇరుకు రోడ్డుపై సైకిలు మీద వచ్చేవాడికి ఆ అర అడుగే ప్రాణం.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఖాళీ తొట్టిని చదును నేలపై నిలిపి, రెండు టైర్లలో గాలి సమానంగా ఉంచాలి. పిన్ను దిగే రంధ్రం నడిమి నుంచి ఒక్కో చక్రం నడిబొడ్డుకు ఇనుప టేపుతో కొలవాలి. తాడు సాగుతుంది, పనికిరాదు. రెండు కొలతలూ ఒక్కటి కావాలి. తక్కువ వచ్చిన వైపు చక్రం ముందుకు జరిగినట్టే.

తర్వాత ఇరుసు ఎత్తులో టైర్ల మధ్య దూరం ముందువైపు, వెనకవైపు కొలవాలి. ఇక్కడ తేడా వస్తే ఇరుసు కొసలు వంగి ఉండవచ్చు. అలాంటి బండికి టైర్లు రోడ్డుపై ఈడ్చుకుపోయి త్వరగా అరిగిపోతాయి.

మొదటి కొలత తప్పితే కమాను కట్టల దగ్గర చూడాలి. నడిమి బోల్టు తెగినా, యు బోల్టులు వదులైనా ఇరుసు జరుగుతుంది. బోల్టు మార్చి, ఇరుసు సర్ది, కొలత కుదిరాకే బిగించాలి. కమాన్లు లేకుండా అతికించిన ఇరుసైతే కోసి మళ్లీ అతికించాల్సిందే. వంగిన ఇరుసును సుత్తితో సరిచేయబోకుండా మార్పించడం మేలు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు. గట్టి దిమ్మలు పెట్టాలి.

చివరగా తడి మట్టిలో తిన్నగా కొంత దూరం నడిపి జాడలు చూడాలి. ట్రాక్టరు జాడలకు తొట్టి జాడలు రెండు పక్కలా సమాన దూరంలో ఉంటే కొలత కుదిరినట్టే. ఈ పని తొలి లోడుకు ముందే చేయాలి. తోకకు ఎర్ర రిఫ్లెక్టర్లు కూడా మరువరాదు.