వెలుగు మీట వెనుక నడచు వ్యవహారము

2002వ సంవత్సరమున హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో చేయి కలిపి, కుప్పము పల్లెలకు కంప్యూటరును చేరువ చేయుటకై ‘ఐ-కమ్యూనిటీ’ యను పథకము నారంభించినది. నేడు మదనపల్లె చెంతనున్న అంగళ్ళు ఇంజనీరింగు కళాశాలలోనైనను, పుంగనూరు బజారు దుకాణములోనైనను ఆ సంస్థవారి లాప్‌టాప్ కానవచ్చుట వింత గాదు. అయినను, దాని పైవరుసలో సూర్యబింబము ముద్రించిన మీటను నొక్కినంతనే తెర వెలుగు హెచ్చుటకు లోపల నెంత వ్యవహారము నడచుచున్నదో యెరిగినవారు అరుదు.

అక్షరముల మీటను నొక్కినచో దాని సంఖ్య తిన్నగా ఆపరేటింగ్ సిస్టమునకు చేరును. పైవరుస మీటలతో కలిపి నొక్కెడి ఎఫ్‌ఎన్ మీట యన్ననో, పెక్కు యంత్రములలో ఆ సిస్టము కంటికే కానరాదు. బ్యాటరీ ఛార్జింగును, ఫ్యాను వేగమును కనిపెట్టుచుండు ఎంబెడెడ్ కంట్రోలరు అను చిన్న చిప్పు దానిని తానే గ్రహించి, ఆ వార్తను మూడు దారులలో నేదో యొకదాని వెంట పైకి పంపును.

మొదటి దారి కీబోర్డుదే; మామూలు మీటవలెనే యొక సంఖ్య వెడలును. రెండవది ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు 1996లో వెలువరించిన ఏసీపీఐ నిబంధనల దారి: చిప్పు సంకేత మిచ్చును, సిస్టము ‘ఏమి జరిగిన’దని ప్రశ్నించి సంఖ్యను గైకొనును, తయారీదారు బయాస్‌లో వ్రాసి యుంచిన చిన్న ప్రోగ్రామును నడపును, వెలుగు పెంచుటకు షోడశాంశ గణనమున 86, తగ్గించుటకు 87 అను వార్తలు వెలువడును. మూడవది డబ్ల్యూఎంఐ. ఇందు సంఖ్యల అర్థము తయారీదారుని ఇచ్చవచ్చినట్లుండును గనుక, ప్రతి సంస్థకును వేరుగా డ్రైవరు వలయును. 2008లో లినక్స్‌నందు చేరిన హెచ్‌పీ-డబ్ల్యూఎంఐ డ్రైవరు అట్టిదే. దాని పట్టికలో 2 వెలుగు పెంచుటకును, 3 తగ్గించుటకును గుర్తులు.

డ్రైవరు ఆ 2ను లినక్స్‌వారి సామాన్య సంఖ్యయైన 225గా మార్చి ఊరకుండును. తెరను వెలిగించు భారము డెస్క్‌టాప్ ప్రోగ్రాముది. ఈ పని విభజన చెడి, లినక్స్ మూలభాగమగు కెర్నెలును డెస్క్‌టాపును ఒకేసారి పూనుకొన్ననాడు, ఒక్క నొక్కుకు వెలుగు రెండు మెట్లెక్కెడిది. సంఖ్యల కూర్పులోను చిక్కులు లేకపోలేదు: మైకు నాపు మీట సంఖ్య 248, పాత ఎక్స్11 తెరవ్యవస్థ ప్రతి సంఖ్యకును 8 కలుపును, 255ను మించినదానిని చేపట్టదు. మొత్తము 256 యగుటచే ఆ మీట పలుకకపోగా, దానికి ఎఫ్20 అను మారువేషము వేయవలసివచ్చినది.

కావున మీట పనిచేయనిచో మీట చెడినదని తొందరపడి తీర్మానించరాదు. పట్టికలో లేని సంఖ్య తగిలినపుడు డ్రైవరు దానిని ‘తెలియని మీట’ యని కెర్నెలు చిట్టాలో (లాగ్) వ్రాసి పెట్టును. విద్యార్థి యెవడైన ఆ సంఖ్యను జూచుకొని, పట్టికకు ఒక్క పంక్తి చేర్చి లినక్స్‌వారికి పంపి, అది అంగీకృతమైనచో, అదే నమూనా లాప్‌టాప్ ఏ దేశమున నున్నను ఆ మీట పలుకును.