మడత కుదరని ప్రొటీన్ల మొర

మానవ కణం తయారుచేసే ప్రొటీన్లలో ఇంచుమించు మూడో వంతు, కణం బయటికి స్రవించవలసినవో పైపొరలో అమరవలసినవో కావడం వల్ల, ముందుగా అంతర్జీవద్రవ్యజాలం అనే పొరల అల్లికలోకి ప్రవేశిస్తాయి. అమైనో ఆమ్లాల గొలుసుగా పుట్టిన ప్రొటీన్ అక్కడే ముడుచుకుని, పనికి తగిన త్రిపరిమాణ రూపం పొందుతుంది. గొలుసు మొదట్లోని కొన్ని అమైనో ఆమ్లాలే ఆ జాలానికి చిరునామాగా పనిచేస్తాయని నిరూపించిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ పురస్కారం లభించింది. రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర పరిశోధన చేసి, ఆ చిరునామాను గుర్తించే కణికను వేరుచేసిన పీటర్ వాల్టర్, తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకా చిక్కైన ప్రశ్నను చేపట్టారు. జాలంలో మడత కుదరని ప్రొటీన్లు పేరుకుపోతే, ఆ సంగతి పొర అవతల ఉన్న కేంద్రకానికి ఎలా చేరుతుంది?

అలా పేరుకుపోయినప్పుడు, మడతకు సాయపడే తోడు ప్రొటీన్లను కణం ఎక్కువగా తయారు చేసుకుంటుందని 1988 నాటికే తెలుసు; కబురు మోసేదెవరో మాత్రం తెలియదు. అందుకే వాల్టర్ బృందం ఈస్ట్‌లో తోడు ప్రొటీన్ జన్యువును మేల్కొలిపే డీఎన్‌ఏ భాగానికి నీలిరంగునిచ్చే ఎంజైము జన్యువును జతచేసి, ఆ ఈస్ట్‌కు ట్యూనికామైసిన్ పట్టించింది. ప్రొటీన్లకు చక్కెరలు అతుక్కోకుండా చేసి మడతను చెడగొట్టే ఆ మందు తగలగానే మామూలు ఈస్ట్ కాలనీలు నీలంగా మారగా, తెల్లగా మిగిలిపోయిన కొద్ది కాలనీల్లో లోపించిన జన్యువే ఐఆర్ఈ1 అని 1993లో తేలింది. అదే ఏడాది, డాలస్‌లో పనిచేస్తున్న కజుతోషి మోరి కూడా స్వతంత్రంగా అదే జన్యువును పట్టుకున్నారు.

పొరను దాటి ఇరువైపులా నిలిచే ఐఆర్ఈ1, లోపలి చివరతో, మడత కుదరని ప్రొటీన్లు జాలంలో కలిగించే ఒత్తిడిని పసిగట్టి, బయటి చివరతో ఒక ఎంఆర్ఎన్ఏను కత్తిరిస్తుంది. ఈస్ట్‌లో కత్తిరింపుకు గురయ్యే ఆ ఎంఆర్ఎన్ఏ నుంచి 252 అక్షరాల తునక తొలగిపోతుంది. మిగిలిన కొసలను టీఆర్ఎన్ఏల కోసం ఉద్దేశించిన లైగేజు అనే ఎంజైము అతుకుతుంది. ఎంఆర్ఎన్ఏ కత్తిరింపు కేంద్రకంలోని ప్రత్యేక యంత్రాంగానికే పరిమితమని నమ్మిన రోజుల్లో ఇది విశ్వసించడానికే కష్టమైన సంగతి, ఈ పరిశోధనంతటిలో అత్యంత సుందరమైనదీ ఇదే. మనుషుల్లో ఐఆర్ఈ1 కత్తిరించే ఎక్స్‌బీపీ1 ఎంఆర్ఎన్ఏ నుంచి తెగిపడేది 26 అక్షరాలే. ఆ సంఖ్య మూడుతో భాగింపబడదు కనుక, మూడేసి అక్షరాలుగా సాగే పఠనమే అక్కడి నుంచి మారిపోయి, జన్యువులను నడిపించే శక్తి గల మరో ప్రొటీన్ రూపొందుతుంది. వాల్టర్, మోరిలకు 2014లో లాస్కర్ పురస్కారం దక్కింది.

మనుషుల్లో ఐఆర్ఈ1కి తోడుగా ఏటీఎఫ్6, పీఈఆర్‌కే అనే మరో రెండు సంకేత మార్గాలున్నాయి. కొత్త ప్రొటీన్ల తయారీని తగ్గించి జాలానికి ఊపిరి సలిపే అవకాశమిచ్చే పీఈఆర్‌కే జన్యువు చెడితే, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు ప్రొటీన్ల భారాన్ని తట్టుకోలేక, పసితనంలోనే మధుమేహం వస్తుంది. ఒత్తిడి ఎంతకీ తగ్గనప్పుడు, కణాన్ని కాపాడవలసిన ఈ సంకేతాలే దానిని ఆత్మవినాశనం వైపు నడిపిస్తాయి. వైద్యం ఇప్పటికే ఈ బలహీనతను వాడుకుంటోంది: సెకనుకు వేల యాంటీబాడీలను స్రవించగల ప్లాస్మా కణాల క్యాన్సరైన మైలోమాకు ఇచ్చే బోర్టెజోమిబ్, చెడిన ప్రొటీన్లను కణం నాశనం చేసే మార్గాన్ని మూసివేసి, అప్పటికే స్రావభారంతో సతమతమవుతున్న జాలంలో అవి పేరుకునేలా చేస్తుంది.