ద్రాక్ష తీపి తోటలోనే

మామిడికాయల్ని గడ్డిలో మగ్గబెట్టవచ్చు. పచ్చి అరటి గెలను ఇంట్లో పండించుకోవచ్చు. ద్రాక్షతో ఆ పప్పులుడకవు. గుత్తి కోశాక అందులోకి కొత్తగా చక్కెర చేరదు. పుల్లగా కోస్తే పుల్లగానే వాడిపోతుంది. కాబట్టి రుచి సంగతి తీగ మీదే తేలాలి.

చలిదేశాల్లో శీతకాలం ఆకురాల్చి నిద్రపోయే ద్రాక్ష తీగకు మన దక్కన్‌లో ఆ విశ్రాంతి లేదు. అందుకే నాసిక్‌లోనైనా, హైదరాబాద్ పరిసరాల్లోనైనా ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్ కత్తిరింపుతో కొత్త కొమ్మలు వస్తాయి. వచ్చే పంట గుత్తులు ఆ కొమ్మల మొగ్గల్లో అప్పుడే రూపు దిద్దుకుంటాయి. పందిరి మీద కొమ్మలు కిక్కిరిసి మొగ్గలకు వెలుతురు అందకపోతే, గుత్తి రావాల్సిన చోట నులితీగ వస్తుంది. అక్టోబరు కత్తిరింపు తర్వాత కాపు మొదలై, ఫిబ్రవరి నుంచి కోతకొస్తుంది.

చక్కెర తయారయ్యేది ఆకుల్లో. గుత్తులు ఎక్కువైతే పదిమందికి వండిన అన్నం పాతికమందికి వడ్డించినట్టే. పక్వం ఆలస్యమవుతుంది, తీపి చాలదు. అనుభవమున్న రైతులు అందుకే పిందెదశలోనే కొన్ని గుత్తులు తీసేస్తారు, ఉంచిన వాటిలోనూ కాయలు పలచన చేస్తారు.

తీగ మొదలు చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున, లోపలి చెక్కకు గాయం కాకుండా బెరడును ఉంగరంలా ఒలవడం మరో పద్ధతి. ఆకుల నుంచి వేర్లకు చక్కెర దిగేది ఈ బెరడులోనే. ఆ దారి తెగితే చక్కెర గుత్తులకు మళ్లుతుంది. పిందె కట్టగానే ఒలిస్తే కాయ లావెక్కుతుంది, కాయ మెత్తబడేవేళ ఒలిస్తే త్వరగా పండుతుంది. గాయం పూడేదాకా వేర్లకు పస్తే కనుక బలహీనమైన తీగల జోలికి వెళ్లరు.

థాంప్సన్ సీడ్‌లెస్ వంటి రకాల్లో కాయను పెంచే హార్మోన్లు ఇవ్వడానికి గింజలుండవు. ఆ లోటు తీర్చడానికి జిబ్బరెల్లిక్ ఆమ్లం వాడతారు. మోతాదు మించితే కాయ పెద్దదవుతుంది గానీ తొక్క మందమై పక్వం వెనకబడుతుంది. కోతకు ముందు నీళ్లు అతిగా పెడితే తీపి పలచబడుతుంది. ఆ దశలో వాన పడితే కాయలు పగులుతాయి.

కోతకు ముందు రైతులు రిఫ్రాక్టోమీటరు మీద రసం చుక్క వేసి తీపి కొలుస్తారు. మీ దగ్గర అది లేకపోయినా ఫర్వాలేదు. గుత్తిలో చివరగా తీపెక్కేది అడుగు కొసనున్న కాయ. పరిమాణం చూసి మోసపోకుండా, కొనేముందు ఆ కాయనే అడిగి రుచి చూడండి.