ఒకే గడియారం, రెండు కాలాలు

మెకానిక్స్ క్లాసులో కాలం అంటే ‘టి’. యజమానికైనా సర్వర్‌కైనా అదే ‘టి’. కథలోకొచ్చేసరికి ఈ లెక్క కుదరదు. తెనాలి రచయిత శారదనే చూడండి.

అసలు పేరు ఎస్. నటరాజన్. పుదుక్కోటలో పుట్టిన తమిళ కుర్రాడు. 1937లో, చిన్నతనంలోనే తెనాలి వచ్చి, హోటల్లో సర్వర్‌గా పనిచేస్తూ తెలుగు నేర్చుకున్నాడు. అలా నేర్చుకున్న భాషలోనే కథలు, ‘మంచీ-చెడూ’, ‘అపస్వరాలు’ లాంటి నవలలు రాశాడు. 1955లో, ముప్ఫై దాటీ దాటకుండానే పోయాడు.

హోటల్ అనే చోటుని ఒకసారి ఊహించుకోండి. కూర్చున్నవాడికి కాఫీ తాగే పది నిమిషాలూ తీరిక. నిలబడ్డవాడికి అవే పది నిమిషాలు చాకిరీ. ఒకే గది, గోడకి ఒకే గడియారం. ప్రతీక అనగానే మనం చందమామనో, పాడుబడ్డ గుడినో వెతుక్కుంటాం గానీ, బల్ల తుడిచే గుడ్డ కూడా ప్రతీకే అవుతుంది. శారదని చదివాకే నాకది తట్టింది.

తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుది వేరే దారి. ‘చదువు’ కథ కాదు, నవల. అయినా వదల్లేం. మొదటి ప్రపంచ యుద్ధం, సహాయ నిరాకరణ, ఆర్థిక మాంద్యం, అన్నీ అందులో సుందరం అనే ఒక్క కుర్రాడి ఇంటి గుమ్మం దాటి లోపలికొస్తాయి.

ఇక చోటు సంగతి. తెనాలి నుంచి మెయిన్ లైను బాపట్ల మీదుగా మద్రాసు పోతుంది. బ్రాంచి లైను మాత్రం రేపల్లెలో ఆగిపోతుంది. ఆ తర్వాత కృష్ణ. 2006లో పెనుమూడి-పులిగడ్డ వంతెన వచ్చేదాకా అక్కణ్ణించి దివిసీమకి పడవ దాటాల్సిందే. కాబట్టి పాత కాలపు కథలో ఎవరైనా ‘బాపట్లలో దిగాడు’ అంటే ఒక అర్థం, ‘రేపల్లెలో దిగాడు’ అంటే ఇంకో అర్థం. రెండో దాంట్లో పడవ కోసం ఎదురుచూపు కూడా ఉంది. ఇప్పుడు మనం రాస్తే ఆ ఎదురుచూపు పెట్టే ముందు ఏ సంవత్సరమో చూసుకోవాలి!

ఈ తీరంలో పెద్దవాళ్లకి ఇంకో క్యాలెండర్ ఉంది. 1977 నవంబరు 19. ‘ఉప్పెనకి నేను ఏడో క్లాసు’ అంటారు. నీళ్లు ఎంత ఎత్తొచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ మాటలో తేదీ లేదు, ఊరి పేరూ లేదు. కానీ కథకి కావలసిన కాలం, చోటు రెండూ ఉన్నాయి.

ఈ సెలవుల్లో ఇంటికెళ్తే అడగండి. ఆ ఏడో క్లాసు పిల్లలకి ఇప్పుడు అరవై.