చిరునామా మారినను దారి చెడరాదు

కార్యాలయోద్యోగులలో పెక్కురు తమ ఇంట్రానెట్ సైటును ఒక సాంకేతిక నిర్మాణముగా ఎరుగరు. ఏ గుర్తుపై నొక్కిన హాజరు పడునో, ఎడమవైపు మూడవ వరుసలో ఏది నొక్కిన సెలవు దరఖాస్తు వచ్చునో, జీతపు స్లిప్పు ఎచట దొరకునో, అట్టి అలవాటుల మొత్తమే వారి దృష్టిలో ఆ సైటు. పాత సర్వరు శిథిలమైనదనియో, నిర్వహణ ఒప్పందము ముగిసినదనియో దానిని మరియొక చోటికి తరలింపవలసి వచ్చినపుడు, సమాచారమంతయు అక్షరము పోకుండ చేరవేసిన నిపుణులు తమ పని పూర్తియైనదని తృప్తిపడుదురు. కాని పదవీ విరమణకు సమీపించిన సీనియర్ అసిస్టెంటు ఒకరు సోమవారము ఉదయము తన తెరపై, పుట దొరకలేదని తెలుపు 404 అను సంఖ్యను చూచి, తానేదో చెడగొట్టితినని భయపడి, ఎవరినడిగిన ఏమనుకొందురోయని మిన్నకుండినచో, ఆ తరలింపు సగమే జరిగినది.

పేరు వేరు, యంత్రము వేరు. మనము టైపు చేసిన పేరును యంత్రములు గ్రహింపగల సంఖ్యగా మార్చిచెప్పు డొమైన్ నామవ్యవస్థను పాల్ మొకపెట్రిస్ 1983లో రూపొందించినది మొదలు, సర్వరు ఎన్నిమార్లు మారినను జనులెరిగిన పేరు మారవలసిన అగత్యము లేకపోయినది. కావున తరలింపు తలపెట్టినవారు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న, చిరునామా మార్చకయే ఈ పని నెరవేరదా యన్నదే. పెక్కు సందర్భములలో నెరవేరును. అయితే ఆ పేరు వెనుకనున్న సంఖ్యను మార్చునపుడు ఒక జాగ్రత్త వలయును: కంప్యూటర్లు తాము తెలిసికొన్న సంఖ్యను కొంతకాలము జ్ఞాపకముంచుకొనును, ఆ గడువు 86,400 సెకండ్లు, అనగా ఒక దినము, అని నిర్ణయించియున్నచో, ఒక గదిలోనివారికి కొత్త సైటు, ప్రక్క గదిలోనివారికి పాత సైటు కనబడి, ‘నాకు వచ్చుచున్నది, మీకేల రాదు?’ అను వాదములు పుట్టును. రెండు మూడు దినములు ముందుగనే ఆ గడువును 300 సెకండ్లకు తగ్గించినచో ఈ గందరగోళము చాలవరకు తప్పును.

వెబ్బును సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లో వ్రాసిన ఒక వ్యాసములో, చిరునామాలు తమంత తాము మారవనియు, మనుష్యులే వానిని మార్చుచున్నారనియు చెప్పి, వ్రాసినవాని పేరు, ఫైలు రకమును తెలుపు తోక, సాఫ్ట్‌వేరు జాడ వంటి చంచలమైన అంశములను చిరునామాలో చేర్చరాదని హితవు పలికెను. ఆయన పనిచేసిన సెర్న్ పరిశోధనాలయములో వెబ్బు తొలినాళ్ల ముఖ్యోపయోగము ఉద్యోగులు టెలిఫోను డైరెక్టరీ చూచుకొనుటయే. అనగా పుట్టుకతోడనే అది కార్యాలయపు సాధనము. ఆ సంస్థ తన తొలి వెబ్‌సైటును 2013లో మరల మొదటి చిరునామాననే నిలుపుట నాకు మిక్కిలి ఆదరణీయముగా తోచును.

పేరు మార్చుట తప్పనిసరియైనచో, ఇల్లు మారినవాడు తపాలా కార్యాలయములో కొత్త చిరునామా వ్రాసియిచ్చి ఉత్తరములను రప్పించుకొనునట్లు, పాత చిరునామాకు వచ్చినవారిని సర్వరే కొత్తదానికి పంపు ఏర్పాటు, రీడైరెక్టు అనునది, చేయవలెను. ఇందు 301 అను సంకేతము మార్పు శాశ్వతమనియు, 302 తాత్కాలికమనియు బ్రౌజరునకు తెలుపును. 301ని బ్రౌజర్లు గట్టిగా పట్టుకొనును. తొందరపడి తప్పు పుటకు దానిని పెట్టినచో, సర్వరులో సవరించిన తరువాతను ఉద్యోగి కంప్యూటరు ఆ తప్పు దారినే పోవచ్చును. అందుచే మొదటి వారములలో 302తో నడిపి, అంతయు సరియని తేలిన పిమ్మట 301కి మార్చుట మేలు. పాత పుటలన్నింటిని కొత్త సైటు ముఖద్వారమునకే మళ్లించు పద్ధతిని మాత్రము నేను గర్హింతును. టూర్ బిల్లు ఫారము కొరకు వచ్చినవానిని స్వాగత వాక్యముల ముందు నిలిపి వెదకికొమ్మనుట దారి చూపుట యెట్లగును? ఏ పాత పుటకు ఏ కొత్త పుటయో జాబితా వ్రాసి, ఒక్కొక్కదానిని తగిన చోటికే చేర్చవలెను. ఒక్కరు కొన్ని దినములు ఆ విసుగును భరించినచో కార్యాలయమంతటికిని వెదకులాట తప్పును.

ఇంతకంటె సూక్ష్మమైన కష్టము పాస్‌వర్డులది. బ్రౌజరు దాచియుంచిన పాస్‌వర్డు చిరునామాతో ముడిపడియుండును గనుక, పేరు మారగానే, ఏండ్ల తరబడి తానుగా నిండుచు వచ్చిన గడి ఖాళీగా కనబడును. దానిని తామెన్నడో మరచినవారు ఊహించి టైపు చేయుచుండగా ఖాతా మూతపడును. కావున తరలింపునకు ముందే, పాత సైటుననే, పాస్‌వర్డు మార్చుకొని వ్రాత లేకుండ గుర్తుంచుకొను అవకాశమును అందరికిని కల్పింపవలెను. ఇక, ‘మన సైటు చిరునామా మారినది, ఈ లింకు నొక్కి పాస్‌వర్డుతో ప్రవేశింపుడు’ అను ఈమెయిలు మోసగాండ్రు పంపు లేఖకు అచ్చుగుద్దినట్లుండును. అట్టివానిని నమ్మవద్దని ఏడాదంతయు హెచ్చరించి, ఒకనాడు మనమే అట్టిది పంపి, నొక్కనివారిని మందబుద్ధులనుట అన్యాయము. వెనుదీసినవాడే మన శిక్షణను సరిగా గ్రహించినవాడు. ఈ వార్త పాత సైటు మొదటి పుటలోను, అధికారి సంతకము గల సర్క్యులరుగా నోటీసు బోర్డుపైనను, సందేహము వచ్చినచో పిలువదగిన ఎక్స్‌టెన్షన్ నంబరుతో సహా, కొన్ని వారములు ముందుగనే కనబడవలెను.

రూపమును చిరునామాను ఒకేమారు మార్చరాదు. జీతపు బిల్లులు సిద్ధమగు దినములలో తరలింపును అసలే తలపెట్టరాదు.

పాత సైటును వెంటనే మూయక, చదువుటకు మాత్రమే వీలగునట్లు ఉంచవలెను; నింపుటకును వీలున్నచో అలవాటు చొప్పున అందు నింపిన సెలవు దరఖాస్తులు ఎవరికిని చేరవు. రీడైరెక్టులు ఒక సంవత్సరమైనను నిలువవలెను. ఏలయన, కేంద్ర ప్రభుత్వోద్యోగులు ప్రతి జనవరి 31లోపల సమర్పించు స్థిరాస్తి వివరణము వంటివి ఏడాదికొక్కమారే అవసరపడును. ఆ పుటను వెదకుచు వచ్చువాడు మారిన సంగతి అప్పుడే తెలిసికొనును. పాత చిరునామాకు ఏ సెక్షన్ల నుండి ఇంకను రాకపోకలున్నవో సర్వరు చిట్టాలో తెలియును. అచటికొకరు స్వయముగా పోయి, తెరపై గుర్తులను, ఎక్సెల్ పత్రములలో ఇమిడిన లింకులను మార్చి రావలెను. పాత పేరు బహిరంగముగా నమోదైన డొమైనైనచో, వాడుక యంతయు ఆగినను దాని రుసుము చెల్లించుచుండుటయే క్షేమము. గడువు తీరిన పేరును పరులెవరైనను కొని, అలవాటుగా వచ్చువారి పాస్‌వర్డులను సంగ్రహింపగలరు.